కోళ్లు మానేసిన గార్డు

ముప్పై ఏళ్ల ఫారెస్టు నౌకరీలో నేను రెండుసార్లు చెడ్డవాణ్ణయ్యాను. మొదటిసారి గూడెం కోళ్లు తిని, రెండోసారి అవి తినడం మానేసి. రెండోదే పెద్ద తప్పని ఒప్పుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. ఇప్పుడు డిపార్టుమెంటులో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికొచ్చి, మీరు ఆ రోజుల్లో చాలా స్ట్రిక్టట కదా సార్ అని అడుగుతుంటారు. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. ఆ స్ట్రిక్టు సంగతే చెప్తాను, వినండి.

ఎనభైల మొదట్లో చండ్రుగొండ దాటాక అడవి అంచున నాకొక బీటు ఇచ్చారు. నాది ఎర్రుపాలెం వైపు. మాకు చెట్టంటే మామిడి, కట్టె అంటే కందికట్టె. టేకుకూ మద్దికీ తేడా తెలియని మనిషికి ఖాకీ బట్టలు తొడిగి అడవిని అప్పజెప్పారు. దాంతోపాటు భుజానికొక సంచి, అందులో ఒక ఇనుప సుత్తి ఇచ్చారు. ఆ సుత్తి మొహం మీద సర్కారు గుర్తు ఉంటుంది. దుంగ కొసన కొడితే గుర్తు పడుతుంది. గుర్తున్న దుంగ దర్జాగా లారీ ఎక్కుతుంది, గుర్తు లేనిది దొంగమాలు. అందుకే గార్డు పెళ్లాన్ని మర్చిపోయి వచ్చినా క్షమిస్తారు గాని సుత్తిని పోగొట్టుకొస్తే క్షమించరు. అది దొంగ చేతిలో పడితే అడవంతా న్యాయంగా తరలిపోతుంది. ముందు సస్పెన్షన్, ఆ తర్వాత నౌకరీ ఉంటే ఉన్నట్టు.

నేను వెళ్లేనాటికే బీటులో ఒక ఆచారం నడుస్తోంది. గూడెం మనిషి ఎవరైనా ఇంటికి వాసమో, నాగలికి కర్రో నరుకుతూ దొరికితే గార్డు అతని గొడ్డలి లాక్కుంటాడు. మనిషిని ఏమీ అనడు. గొడ్డలి తెచ్చి క్వార్టరు వరండాలో గోడకు ఆనిస్తాడు. మర్నాడు పొద్దున కాళ్లు కట్టేసిన కోడి ఒకటి వరండాలోకి వస్తుంది, గొడ్డలి వెళ్లిపోతుంది. ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోరు. అడవిలో గొడ్డలి లేకుండా ఇల్లు ఒక్కరోజు గడవదు. పొయ్యిలోకి కట్టె, చేనుకు కంచె, పశువుకు మేతకొమ్మ, అన్నీ దాంతోనే. కేసు రాస్తే కోర్టు, కోర్టంటే బస్సు, పని చెడడం. దానికన్నా కోడి నయమని వాళ్ల లెక్క. ప్రభుత్వానికి శ్రమ తగ్గిస్తున్నానని నా లెక్క.

మా ఆవిడ చిన్నప్పటి నుంచీ ప్రార్థనల్లో పెరిగిన మనిషి. ఆ కోడిని శుభ్రంగా వండి నాకు వడ్డించేది, తను మాత్రం పచ్చిపులుసు పోసుకొని తినేది. నేను కారణం అడగలేదు. అడిగితే చెప్తుందని భయం.

మూడో ఏడు వానాకాలం నన్ను చలిజ్వరం పట్టుకుంది. అది పట్టని గార్డు ఉండడు గాని, నన్ను పట్టింది వదలనంది. భద్రాచలం దవాఖానాలో పడేశారు. పక్క మంచం మీద మనిషిని చూడటానికి ఒక పాస్టరుగారు వస్తుండేవారు. మా ఆవిడ ఆయన్ను పిలిచింది. ఆయన నా దగ్గర కూర్చొని బత్తాయి ఒలిచి పెట్టి, నాలుగు మాటల్లో ప్రార్థన చేసి లేచారు. ఆ నాలుగు మాటల్లో నా పాపాల ఊసే లేదు. నా అంతటివాడికి ఇంత చిన్న ప్రార్థనా అని కొంచెం నామోషీగా కూడా అనిపించింది. జ్వరం దిగిన పొద్దున మాత్రం నేను ఏడ్చాను. ఆ ఏడుపు నిజమైంది, దాన్ని వెక్కిరించను. నేనేమీ ఇవ్వకుండా, నా యోగ్యత ఏమీ లేకుండా దేవుడు నన్ను శిక్షించకుండా వదిలేసి మళ్లీ బతకమన్నాడని అర్థమైంది. దానికి కృప అని పేరని పాస్టరుగారు చెప్పారు. అప్పుడు గోదావరి పోటు మీద ఉండటంతో వాగులోనే నాకు బాప్తిస్మం ఇచ్చారు.

ఇక చూడండి నా వేషం. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు ప్రతి ఆదివారం లేచి నిలబడి సాక్ష్యం చెప్పేవాణ్ణి. నేనెంత పాపినో వివరించేవాణ్ణి. మొదటి వారం ఇరవై కోళ్లు తిన్నానన్నాను. జనం అయ్యో అన్నారు. ఆ అయ్యో బాగుంది. పై వారానికి యాభై అయ్యాయి, క్రిస్మస్ నాటికి నేను తినని కోడి ఆ తాలూకాలో మిగల్లేదు. తిన్న కోళ్లు పెరిగేకొద్దీ మానేసిన నా గొప్పతనమూ పెరిగింది.

మానేసిన మాట నిజమే. కోడితో వచ్చినవాణ్ణి కోడితోనే తిప్పి పంపేవాణ్ణి. పంపేముందు లంచం ఎంత పాపమో ఓ అరగంట బోధించేవాణ్ణి. గొడ్డలి మాత్రం ఇచ్చేవాణ్ణి కాదు. కోడి పుచ్చుకోకుండా గొడ్డలి ఇచ్చేస్తే చట్టం ఏం కావాలి? కేసు రాసేవాణ్ణి. వాసం నరికితే కేసు, కంప కొడితే కేసు, కట్టెలమోపులో పచ్చికొమ్మ కనపడితే కేసు. వరండాలో గొడ్డళ్లు వరసకట్టాయి. పొద్దున్నే చాప మీద కూర్చొని వాటిని చూస్తుంటే నా పరిశుద్ధత నాకే కళ్లకు కట్టినట్టు కనపడేది. ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాలి. ఆ ఏడెనిమిది నెలల్లో నేను పట్టుకున్నవాళ్లలో లారీ ఉన్నవాడు ఒక్కడూ లేడు.

మా పైన ఫారెస్టర్ ఒకాయన ఉండేవాడు, పాతకాలపు మనిషి. నేను రాసే ప్రతి కేసుకూ ఆయన కోర్టుకు తిరగాలి. ఒకరోజు నన్ను కూర్చోబెట్టి, నువ్వు దేవుణ్ణి నమ్ముకుంటే నమ్ముకున్నవ్ గాని మధ్యల నా పానం ఎందుకు తీస్తున్నవయ్యా అని బతిమాలాడు. గూడెం ఆడవాళ్లయితే నేను వినేలాగే, ఈ సారుకు జరమున్నప్పుడే మనం మంచిగున్నమని అనుకున్నారు. నీతిమంతుడికి ఇవన్నీ తప్పవని నేను ఓర్చుకున్నాను.

పాస్టరుగారు ఒక్కరే నవ్వుతూ వినేవారు. ఒక ఆదివారం నా సాక్ష్యం అయ్యాక పక్కకు పిలిచి అడిగారు.

"తమ్ముడూ, దేవుడు నీ దగ్గర ఏం పుచ్చుకొని నిన్ను వదిలేశాడు?"

"ఏం పుచ్చుకోలేదండి. అంతా కృపే."

"మరి గూడెం వాళ్లను నువ్వు ఏం పుచ్చుకొని వదులుతున్నావు?"

"నేను పుచ్చుకోవడం మానేశానండి."

"వదలడం కూడా మానేశావట కదా" అన్నారాయన.

పాపం, ఆయనకు ఫారెస్టు చట్టం తెలియదని జాలిపడ్డాను.

ఆ ఏడు తొలకరి ముందుగా పడింది. గూడెంలో అరవై దాటిన ఒక తాత కాడికోసం కర్ర నరుకుతూ నాకు దొరికాడు. కాడంటే తెలుసు కదా, రెండెద్దుల మెడ మీద వేసే కర్ర. అది లేకపోతే నాగలి కదలదు. నాగలికీ కాడికీ కర్ర కావాలంటే అర్జీ పెట్టుకొని తీసుకునే దారి మా రూల్సులోనే ఉంది. ఆ సంగతి ఆయనకు తెలియదు, నాకు తెలుసు. ఆ అర్జీ రాయించవలసినవాణ్ణి నేనే. నేను గొడ్డలి లాక్కున్నాను.

ఆయన మూడుసార్లు క్వార్టరుకు వచ్చాడు. మూడోసారి కోడిని చంకలో పెట్టుకొని వచ్చాడు. బోధ మొదలుపెట్టాను. ఆయన మర్యాదగా చివరిదాకా కూర్చున్నాడు. మధ్యమధ్య కోడే నాకు జవాబు చెప్పింది. నేను ఆపాక ఆయన లేచి, "కాడి ఇరిగింది సారూ. నేల పదును ఆరిపోతది. గొడ్డలియ్యి, కేసు రాసుకుంటె రాసుకో" అన్నాడు. కేసు రాసే గొడ్డలి చేతికివ్వడం కుదరదని చెప్పి పంపాను. ఆయన వెళ్లాక మా ఆవిడ గుమ్మంలో నిలబడి, "ఇదివరకు కోడి తిని గొడ్డలి ఇచ్చేవారు. మీరు మారాక వాళ్లకు ఆ దారి కూడా మూసుకుపోయింది" అంది. పప్పు చల్లారిపోతోందని నేను మాట మార్చాను.

ఇప్పుడు ఆ రోజు సంగతికి వస్తాను. బీటు తిరిగేటప్పుడు మధ్యాహ్నం ఒకచోట ఆగి మోకరించి ప్రార్థన చేయడం అలవాటు చేసుకున్నాను. అడవిలో మోకరించడానికి చోటుకేం కరువు? నేను మాత్రం గూడెం ఆడవాళ్లు కట్టెలకు పోయే రెండు బాటలు కలిసేచోటే మోకరించేవాణ్ణి. గురువారం నాడు వాళ్లు మోపులతో వస్తుండటం చూసి ప్రార్థన కొంచెం పొడిగించాను, గొంతూ పెంచాను. మిగతా గార్డుల్లాగా నన్ను ఉంచనందుకు, వాళ్ల పేర్లు చెప్పి మరీ దేవుడికి కృతజ్ఞతలు చెప్పాను. సంచిలో బరువు మోకాలికి తగులుతోందని సుత్తి తీసి పక్కన పెట్టాను. లేచి, దుమ్ము దులుపుకొని, వాళ్ల కళ్లముందు గంభీరంగా నడుచుకుంటూ వచ్చేశాను. సంచి తేలికైన సంగతి సాయంత్రం ఇంటికొచ్చాక తెలిసింది.

వెనక్కి పరుగెత్తాను. మోకరించిన గుర్తులున్నాయి, సుత్తి లేదు. శుక్రవారం పొద్దుగూకేదాకా ఆకూ అలమూ వెతికాను. ఇంటికొచ్చేసరికి ఫారెస్టర్ వరండాలో కుర్చీ వేసుకొని కూర్చొని ఉన్నాడు. సోమవారం రేంజరు సారు సుత్తులు చూడటానికి వస్తున్నాడని చెప్పి, నీది మంచిగున్నదా అని అడిగాడు. "ఉంది సార్, లోపల పెట్టెలో ఉంది" అన్నాను. ఎనిమిది నెలలు అబద్ధమాడని నాలుక ఒక్కసారి కూడా తడబడలేదు. మా ఆవిడ లోపలి నుంచి నా వైపు చూసింది.

శనివారం పొద్దున నేను గూడేనికి వెళ్లాను. వెళ్లేదారిలో ప్రార్థన చేశాననుకుంటున్నారా? లేదు. గార్డుగా నాకు తెలిసిన పాత పని ఒక్కటే గుర్తొచ్చింది. నడి గూడెంలో నిలబడి అరిచాను. ఎవడు తీశాడో మర్యాదగా తెచ్చివ్వండి, లేకపోతే ఇంటింటికీ కేసు పెట్టి లోపల వేయిస్తానన్నాను. ఏం పోయింది సారూ అని వాళ్లు అడిగారు. అక్కడే వచ్చింది చిక్కు. సుత్తి పోయిందంటే సాయంత్రానికి ఫారెస్టర్‌కు తెలుస్తుంది. "ఏం పోతే మీకెందుకు, తీసినోడికి తెలుసు" అన్నాను. ఏం పోయిందో చెప్పకుండా దొంగతనం మోపడం ఎంత కష్టమో అనుభవిస్తేగాని తెలియదు. తేలు కుట్టిన దొంగలా బయటికి చెప్పలేక నేను గిలగిలలాడుతుంటే వాళ్లు వాళ్ల భాషలో ఏదో అనుకొని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

దాంతో నాకు ఒళ్లు మండింది. బాప్తిస్మం నీళ్లలో వదిలేశాననుకున్న తిట్లు ఒక్కటీ తప్పిపోకుండా వరసలో వచ్చాయి. నామీద ఎక్కువ కోపం ఉండవలసింది ఆ తాతకే కాబట్టి ఆయన మెడలో తువ్వాల పట్టుకొని గుంజాను. నీకే నా మీద కసి, నువ్వే తీశావని, వాళ్ల అమ్మనూ అబ్బనూ కలిపి అనరాని మాటలన్నాను. ఆయన నా మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. కాసేపటికి నా గొంతు ఎండిపోయింది. జనం ఒక్కొక్కరే నాగళ్లు భుజాన వేసుకొని చేలకు వెళ్లిపోయారు. నేను ఆయన ఇంటి అరుగు మీద కూలబడ్డాను. చెప్పడానికి సిగ్గేగాని, అప్పుడు నాకు ఏడుపొచ్చింది. పెళ్లాం పిల్లలతో ఎర్రుపాలెం బస్సెక్కి, నౌకరీ పోయిందని మా నాయన ముందు నిలబడటం కళ్లకు కనపడింది.

"జర లోపటికి రా సారూ" అన్నాడు తాత.

లోపలికి వెళ్లాను. ఆయన చూరులోంచి పాతగుడ్డ మూట ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. విప్పకముందే బరువును బట్టి తెలిసింది.

"బాట కాడ మొన్న దొరికింది. నిన్న మీ ఇంటికొచ్చిన. నువ్వు లేవు, పెద్దసారు కుర్సీల కూసున్నడు. ఆయన సూస్తె నీ నౌకరికి మోసమొస్తదని మర్లి వచ్చిన."

సుత్తి పట్టుకొని ఆయన నోటివైపే చూస్తూ నిలబడ్డాను. ఇప్పుడడుగుతాడు, ఇప్పుడడుగుతాడు అని. గొడ్డలి అడుగుతాడు, కేసు కొట్టేయమంటాడు, ఇకపై గూడెం జోలికి రానని ఒట్టు పెట్టమంటాడు. ఆ చోట నేనుంటే ఏమేం అడిగేవాణ్ణో అన్నీ వరసగా మనసులోకి వచ్చాయి. ఆయన కుండ దగ్గరకు వెళ్లి జావ పోసుకొచ్చాడు. మొకం పీక్కుపోయింది, తాగమన్నాడు. చివరికి ఉండబట్టలేక నేనే, "తాతా, నీ గొడ్డలి..." అన్నాను.

"గొడ్డలి ముచ్చట గిప్పుడెందుకు సారూ? గిది నీది, నీకిచ్చిన. గంతే" అన్నాడు.

ఆయన చర్చికి రాలేదు, వాక్యం వినలేదు. విన్నదల్లా నా అరగంట బోధ, అదీ కోడిని చంకలో పెట్టుకొని. నేను మాత్రం ఎనిమిది నెలలుగా కృప గురించి ప్రతి ఆదివారం మాట్లాడుతున్నవాణ్ణి. ఆ జావ తాగి, సుత్తి సంచిలో వేసుకొని లేచాను.

ఇంటికెళ్లి మా ఆవిడకు అంతా చెప్పాను, తిట్టిన తిట్లతో సహా. "ఏం పుచ్చుకొని ఇచ్చాడండీ?" అంది. ఏమీ పుచ్చుకోలేదన్నాను. "జ్వరం తగ్గిన రోజున కూడా మీరు ఇదే మాట అన్నారు" అంది. తర్వాత నా వైపు చూడకుండా బియ్యం ఏరుకుంది.

ఆదివారం నేను చర్చికి వెళ్లలేదు. పైకి పంపకుండా నా దగ్గరే ఉన్న గొడ్డళ్లన్నీ గోనెసంచిలో కట్టి భుజాన వేసుకొని గూడేనికి బయల్దేరాను. నన్ను చూసి మళ్లీ ఏ గొడవకొచ్చాడోనని ఆడవాళ్లు తలుపులు దగ్గరికి వేశారు. సంచి విప్పి గొడ్డళ్లు నేల మీద పరిచి, ఎవరిది వాళ్లు తీసుకోండన్నాను. ఎవరూ కదల్లేదు. కాసేపటికి ఇద్దరు ముగ్గురు ఇళ్లలోకెళ్లి కోళ్లు పట్టుకొచ్చారు. వద్దన్నాను. ఇంకా భయపడ్డారు. కోడి వద్దన్న గార్డు ఏం చేస్తాడో వాళ్లకు అప్పటికే తెలుసు. ఒక ముసలమ్మ వెనక నుంచి, "కోడి వద్దంటె ఇంకేం గావాల్నో అడుగుండ్రి" అంది. ఊరికే ఇస్తున్నానని నమ్మించడానికి నేను దూరంగా జరిగి, వాళ్లకు వీపు పెట్టి నిలబడవలసి వచ్చింది. అప్పుడు తీసుకున్నారు.

సోమవారం రేంజరు సారు సుత్తి అటూ ఇటూ తిప్పి చూసి ఇచ్చేశాడు. శుక్రవారం మీకు అబద్ధం చెప్పాను సార్ అని ఫారెస్టర్‌తో ఒప్పుకున్నాను. ఆయన ఏ అబద్ధమని అడిగాడు. రోజూ వినేవాటిలో నాది ప్రత్యేకంగా ఆయనకు గుర్తులేదు. చెప్పాక, తల పట్టుకొని, "మొదలు కోళ్లు బంద్ చేసినవ్. ఇప్పుడు గొడ్డళ్లు గూడ ఇచ్చేస్తివి. ఇంక నీకు గార్డుకు ఉండాల్సింది ఏమున్నదయ్యా" అన్నాడు. కాడికర్రకు తాత పేరు మీద నేను రాసిన అర్జీ మాత్రం రేంజరు సారు దగ్గరకు తీసుకెళ్లి సంతకం పెట్టించాడు.

చట్టం వద్దని నేను చెప్పడం లేదు, పిల్లలూ. ఆ తర్వాత లారీలు పట్టుకున్నాను, ఆ లారీలకు జడిసే ఇదివరకు కట్టెలమోపుల మీద పడేవాణ్ణని అప్పుడు అర్థమైంది. పాత అలవాటు అంటే కోడి అనుకున్నాను. కోడి నా కంచంలోంచి పోయింది గాని, నా చేతిలో చిక్కినవాణ్ణి చూస్తే లోపల కలిగే ఆ సంతోషం పోలేదు. అంతకుముందు దానికి కూరలో కారం తోడుండేది, తర్వాత ప్రార్థన తోడైంది. అది ఒక్కరోజులో వదిలిందని సాక్ష్యం చెప్పను. రిటైరయ్యే ఏడాది కూడా ఎవరి గొడ్డలైనా కనపడితే నా చెయ్యి ముందుకు పోయేది. అలాంటప్పుడల్లా ఆపుకొని, నేను ఎవరి దయతో ఈ బట్టలు తొడుక్కొని తిరుగుతున్నానో గుర్తు చేసుకునేవాణ్ణి.

రేంజరు సారు సంతకం పెట్టిన మర్నాడు, మంగళవారం, ఆ మంజూరు కాగితం ఇవ్వడానికి గూడేనికి వెళ్లాను. తాత ఇంటి ముందు కర్ర చెక్కుతున్నాడు. కాగితం అటూ ఇటూ తిప్పి చూసి చూరులో పెట్టి, మళ్లీ పనిలో పడ్డాడు. చుట్టుపక్కల అందరి చేలూ విత్తడం అయిపోయింది, ఆయన చేను ఒక్కటే అలాగే ఉంది. శనివారం నుంచి నన్ను తొలుస్తున్న మాటే అడిగాను.

"తాతా, నేను నిన్ను తువ్వాల పట్టి గుంజినప్పుడు సుత్తి ఇంట్లోనే ఉంది కదా. అన్ని తిట్లు ఎందుకు పడ్డావు? అప్పుడే తెచ్చి నా ముఖాన కొడితే పోయేది కదా?"

ఆయన గొడ్డలి దించి చెమట తుడుచుకున్నాడు.

"గంతమందిల తెచ్చిస్తె నీ మొకం ఏడ పెట్టుకుందువు సారూ? ముందుగాల అందర్ని పోనియ్యాలె గద" అన్నాడు.

ఆయన కర్రను ఇటు తిప్పి, నేను నిలబడ్డ వైపు కొస చూపించాడు.

"గా కొస జర గట్టిగ పట్టు, కదులుతున్నది."

కూర్చొని, రెండు చేతులతో పట్టుకున్నాను.